ట్రక్కుకు ఒక ఇరుసా, రెండా?

చుండూరు పొలాలది కృష్ణా డెల్టా నల్లమట్టి. తడిస్తే చక్రం దిగబడుతుంది. అక్కడ ట్రాక్టరు లాగే ట్రక్కుకు ఒక ఇరుసు చాలా?

ఆ ఇరుసును మధ్యకంటే కాస్త వెనక బిగిస్తారు. అందుకే ధాన్యం బరువులో కొంత ట్రాక్టరు కొక్కెం మీద పడి, దాని వెనక టైర్లను నేలకు అదుముతుంది. బురదలో ఆ పట్టే బండిని కదిలిస్తుంది! ఇరుకు డొంకలో మలుపూ తేలికే.

రెండు ఇరుసులు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా ఉంటే బరువును నాలుగు టైర్లు పంచుకుంటాయి. ఒకటి పేలినా జత చక్రం కాస్త ఆసరా. కానీ మలుపులో టైర్లు పక్కకు ఈడ్చుకుపోయి అరుగుతాయి. ఖర్చూ ఎక్కువే.

పొలానికైతే ఒక ఇరుసే మేలంటాను. తెనాలి దాకా పెద్ద బరువు లాగాలంటే రెండు.