అత్తమ్మతో సముద్రానికి...

కథలు రాసేవాళ్ళం అబద్ధాలు బాగా చెబుతాం లెండి! పదేళ్ళ కిందట ఒక కథలో నాయికను సముద్రపు ఒడ్డున కూర్చోబెట్టి ఏడిపించాను. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. నిజమేమిటంటే, అప్పటికి నేను సముద్రం చూడనే లేదు. మా మోత్కూరులో నీళ్ళంటే చెరువు, బావి, బోరు. అంతే!

కిందటి డిసెంబరులో, క్రిస్మస్‌కు వారం ముందు, ఓ సాయంత్రం టీవీలో విశాఖ తీరం చూపిస్తున్నారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తి, "గంత పెద్దగుంటదా బిడ్డా? సచ్చేలోపు ఒక్కపాలి సూడాలె" అన్నది. అనేసి మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అత్తమ్మకు అరవై ఎనిమిది. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. మోకాళ్ళు ఏటేటా బిగుసుకుపోతున్నాయి. ఈ ఏడు నడుస్తోంది. వచ్చే ఏటి మాటేమిటి?

"దుకాణం మూసి నేనెట్లొస్త? మీరే పోయి రాండ్రి" అన్నారు మావారు. మాటవరసకే అన్నారు, నేనే నిజం చేసుకున్నాను! మర్నాడు పదకొండు గంటలకు తత్కాల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు మూడు బెర్తులు దొరికాయి. కథలకొచ్చిన పారితోషికం డబ్బులు దాచుకుంది ఇందుకేనేమో!

"మగదిక్కు లేకుంట పోవుడేంది?" అని అత్తమ్మ గునిసింది. "నేనున్న గద నానమ్మా" అంది మా ఎనిమిదో తరగతి అమ్మాయి. జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు కట్టుకుని బయల్దేరాం.

తెల్లారేసరికి విశాఖపట్నం! రామకృష్ణా బీచ్‌లో 'కురుసుర' జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల దారి ఇరుకు కావడంతో అత్తమ్మ బయటే కూర్చుంది. సాయంత్రం వీధుల్లో ఎక్కడ చూసినా కాగితపు నక్షత్రాలు, కేకుల వాసన. రేవు దగ్గర ఒక కొండ మీద మేరీమాత గుడి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి. అత్తమ్మ మూడింటికీ కిందినుంచే దండం పెట్టింది.

మర్నాడు బస్సులో భీమిలి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరది. పాత డచ్చి సమాధులు, లైట్‌హౌస్ చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు నడిచాం. అత్తమ్మ నా భుజం పట్టుకుని చీలమండల దాకా నీళ్ళలోకి దిగింది. దోసిట్లోకి తీసుకుని నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్ళుండి తాగనీకి సుక్క లేదు. మన ఊరి లెక్కనే ఉంది గద!"

నవ్వాగలేదు నాకు. "మన మూసీ వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. ఆ కృష్ణ హంసలదీవి కాడ ఈ సముద్రంలనే కలుస్తది అత్తమ్మా" అన్నాను. చాలాసేపు అటే చూసి, నా వైపు తిరగకుండానే అంది:

"నీ పెండ్లైన కొత్తల బెజవాడ సభకు పోతనంటివి. నేనే పోనియ్యలే. యాదుందా?"

లేకేం! ఆ రోజు వంటింట్లో ఏడ్చిన ఏడుపే తర్వాత నా కథలో సముద్రపు ఒడ్డుకు చేరింది.

"నేను యాడికీ పోయిందాన్ని కాదు. నిన్నెట్ల పంపాలె అనుకున్న బిడ్డా."

అల వచ్చింది. పడిపోతుందేమోనని గట్టిగా పట్టుకున్నాను. పదిహేనేళ్ళుగా మనసులో పెట్టుకున్న మాట మళ్ళీ నోటిదాకా రాలేదు.

ఇంటికొచ్చేసరికి గిన్నెలు సింకు నిండా ఉన్నాయి. అయితేనేం! మీ ఇంట్లోనూ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఏదో ఒకటి చూడాలని అనేసి ఊరుకునేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ మోకాళ్ళు సహకరిస్తుండగానే టిక్కెట్టు తీయండి. ఒక్కటే జాగ్రత్త... విశాఖ తీరంలో అలల లాగుడు ఎక్కువ. పాదాలు తడుపుకోండి, లోపలికి మాత్రం వెళ్ళకండి.