తగరపు తల చేప

మలేసియాలో ఎస్టేట్ కాలువల పక్కన పెరిగిన మనవారికి ఈ చేప కొత్త కాదు. నీటి పైభాగానే తిరుగుతుంది. నడినెత్తిన వెండి చుక్క మెరుస్తుంది. అందుకే మలాయివారు దీనిని ‘కెపాల తిమా’, అనగా తగరపు తల, అన్నారు. శాస్త్రజ్ఞులు పిలిచే పేరు అప్లోకైలస్ పాంచాక్స్. 1822లో హామిల్టన్ అనే పండితుడు గంగానది చేపలపై రాసిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. మన పెద్దలు ఓడలెక్కి ఇక్కడికి వచ్చారు. ఈ చేప మాత్రం బంగాళాఖాతానికి ఇరుపక్కలా సహజంగానే ఉన్నది.

ఎంత పెరిగినా సుమారు 8 సెంటీమీటర్లే. నిదానంగా పారే యేళ్లు, వరిమళ్లు, తోట కాలువలు దీని నివాసాలు. కొంచెం ఉప్పు కలిసిన నీటిలోనూ బతుకుతుంది. నోరు పైకి తిరిగి ఉండటంవల్ల నీటిమీద వాలిన పురుగులను, గాలి కోసం పైకి వచ్చే దోమ పిల్లలను ఇట్టే పట్టేస్తుంది.

ఈ సంగతి మనకెందుకంటారా? తొలినాళ్లలో తోటలకు వచ్చిన కూలీలను ఎందరినో చలిజ్వరం పొట్టన పెట్టుకున్నది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో చూశాడు. 1901లో క్లాంగ్‌కు వచ్చిన డాక్టర్ మాల్కం వాట్సన్ పల్లపు నేలల్లో అడవి కొట్టించి, నీరు పోయేందుకు కాలువలు తవ్వించి జ్వరం తగ్గించాడు. కొండ తోటల్లో మాత్రం అడవి కొట్టగానే ఎండ తగిలిన ఊటల్లో వేరొక జాతి దోమ పెరిగింది. అంత సన్నని ఊటల్లోకి చేప చేరలేదు. కనుక చేపే మలేరియాను పోగొట్టిందనడం సరికాదు. మన ఇళ్ల పక్క కాలువల్లో అది దోమలను కొంత అదుపులో ఉంచిందనడమే న్యాయం.

2018 నుండి మలేసియాలో మనిషి నుండి మనిషికి దోమ ద్వారా పాకే మలేరియా స్థానికంగా పుట్టలేదు. కోతుల నుండి సోకే మలేరియా, డెంగీ మాత్రం ఉన్నాయి. దోమతో మన పని తీరలేదు.

ఈ చేప గుడ్లు నీటి మొక్కలకు అంటుకుని ఉంటాయి. పిల్లలు రావడానికి పది, పన్నెండు రోజులు పడుతుంది. కాలువకు సిమెంటు పూసినా, మందు కొట్టి గడ్డినంతా చంపినా గుడ్లకు చోటుండదు. అదే కాలువలో చెత్త అడ్డుపడి నీరు నిలిస్తే దోమకు మాత్రం చోటు దొరుకుతుంది.

కాబట్టి ఇంటి పక్క కాలువను శుభ్రం చేసేటప్పుడు అంచున కాస్త పచ్చిక మిగల్చుదాం. అంగడిలో కొన్న గప్పీలను అందులో వదలకుందాం. పిల్లలకు ఆ వెండి చుక్కను చూపించి, తాతల కాలపు చలిజ్వరం సంగతి కూడా చెబుదాం.