‘డ్విండిల్’: తరుగుదలను తెలుపు ఒక ఆంగ్లక్రియ

నిఘంటువులో ‘డ్విండిల్’ అను ఆంగ్లక్రియ కెదురుగా ‘తగ్గు’ అని యుండుట చూచిన విద్యార్థి, ఆ మాట తనకు వచ్చినదనియే తలచును. మరునాడు తన ఆంగ్లవ్యాసములో జ్వరము రాత్రికి రాత్రి ‘డ్విండిల్’ అయినదని ఒక వాక్యము, తండ్రి ఖర్చులను ‘డ్విండిల్’ చేసెనని మరియొక వాక్యము వ్రాయును. ఉపాధ్యాయుడు రెండింటి క్రిందను ఎఱ్ఱగీత గీయును. ‘జ్వరము తగ్గలేదా? ఖర్చు తగ్గలేదా?’ అని బాలుడు అడిగినచో ఆ గీతకు కారణము చెప్పవలసియుండును. ‘ఆంగ్లేయులు అట్లు వ్రాయరు’ అన్నంత మాత్రమున పిల్లవానికి కలుగు జ్ఞానమేమియు లేదు.

కారణము ఆ మాట పుట్టుకలోనే కలదు. ప్రాచీనాంగ్లమున ‘డ్వీనన్’ అను క్రియ యుండెను. కృశించుట, వాడిపోవుట దాని యర్థము. తరువాతి కాలమున దాని తుదకు ‘ఇల్’ అను ధ్వని చేరి ‘డ్విండిల్’ అయినది. ఆంగ్లమున ఈ ప్రత్యయము చిన్న చిన్నగా, మరల మరల జరుగు పనిని సూచించును. ఒక్క నిప్పురవ్వ ‘స్పార్క్’. ఎడతెగక తళుకుమనుట ‘స్పార్కిల్’. ఒక్కసారి చిట్లుట ‘క్రాక్’, చిటపటలాడుట ‘క్రాకిల్’. అట్లే ‘డ్విండిల్’ అనగా ఒక్కసారి తగ్గుట కాదు, కొంచెము కొంచెముగా తరుగుచు పోవుట. కాలము ఆ మాటలోనే ఇమిడియున్నది. ఒక్క రాత్రిలో దిగిపోయిన జ్వరమునకు అది పొసగదు.

1598లో అచ్చయిన షేక్స్పియర్ నాటకము ‘నాలుగవ హెన్రీ’ మొదటి భాగమున ఈ మాట కనిపించును. పలికినవాడు ఫాల్‌స్టాఫ్. దేహమంతయు కొవ్వుతో నిండిన ఆ హాస్యపాత్ర తాను చిక్కి సగమైతినని వాపోవుచు ఈ క్రియను వాడును. ‘మాక్బెత్’లో మంత్రగత్తె ఒక నావికుని కృశింపజేయుదునని పలుకునపుడును ఇదే మాట వచ్చును. ఆనాడు దేహమునకు చెల్లిన ఈ క్రియ నేడు ఎక్కువగా రాశికి, సంఖ్యకు, నిలువకు చెల్లుచున్నది. చెరువులోని నీరు, గాదెలోని ధాన్యము, సంఘము చేతిలోని నిధి, సభకు వచ్చు జనము, మనసులోని ఆశ: ఇవి దానికి తగిన కర్తలు.

వ్యాకరణవిషయమున ఒక్క నియమము చాలును. నేటి వాడుకలో ఇది అకర్మకక్రియ. నీరు తనంత తాను తరుగును. ఒకరు దానిని ‘డ్విండిల్’ చేయరు. తండ్రి ఖర్చులను గూర్చిన వాక్యము చెడినది ఇందువలననే. ఎంతనుండి తగ్గినదో చెప్పుటకు ‘ఫ్రమ్’, ఎంతకు దిగినదో చెప్పుటకు ‘టు’ చేర్చవలెను. ఉచ్చారణమున ‘డివిండిల్’ అని నడుమ అచ్చు చేర్చుట మన పిల్లల అలవాటు; ‘డ్వెల్’ అను మాటతో కలిపి పలికించినచో అది పోవును.

తెలుగు విద్యార్థికి ఈ భావము క్రొత్తది కాదు. బావి అడుగంటును, దీపము కొడిగట్టును, చూపు మందగించును, ఆశ సన్నగిల్లును. ఏ వస్తువునకు ఏ క్రియ తగునో తల్లి యొడిలోనే నేర్చినవాడు, ఆంగ్లక్రియకును తన తోడు తనకు కలదని చెప్పినంతనే గ్రహింపగలడు. ‘కూర్చుండి తిన్న కొండలైనను తరుగును’ అను సామెతలోని ‘తరుగు’ మన ‘డ్విండిల్’కు మిక్కిలి దగ్గర. ‘నానాటికి తీసికట్టు నాగంభొట్లు’ అను సామెత మాత్రము వేరు. అందు దిగజారునది గుణము, రాశి కాదు. దానికి ఆంగ్లమున ‘డిటీరియరేట్’ అను మాట కలదు.

ఇరుగుపొరుగు మాటలతో పోల్చినపుడు మరియొక విశేషము తేలును. చంద్రుడు క్షీణించుట ‘వేన్’; వృద్ధి చెందుట ‘వాక్స్’. సముద్రపుపాటు ‘ఎబ్’, పోటు ‘ఫ్లో’. ఈ రెండు క్రియలకును జంటలు కలవు. కృష్ణపక్షము తరువాత శుక్లపక్షము వచ్చునన్న నమ్మకము ఆ మాటలలోనే యున్నది. ‘డ్విండిల్’ కట్టి జంట లేదు. తరిగినది మరల పెరుగునన్న హామీ ఆ మాట ఇయ్యదు.

అమెరికాలోని ప్యాసెంజర్ పావురముల కథ ఇందుకు నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్దమున అవి వందల కోట్లుగా నుండి, ఆకాశమును కప్పుచు ఎగిరెడివి. వేట వలనను, అడవుల నరకుట వలనను తరిగి తరిగి తుదకు ఒక్కటి మిగిలెను. మార్తా అను ఆ పక్షి 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించెను. మన బట్టమేకపిట్టదియు అట్టి దారియే. దానికొఱకు కర్నూలు సీమలోని రోళ్లపాడున 1988లో అభయారణ్యము నేర్పరచిరి. అయినను గడ్డిబీళ్లు పొలములగుట చేతను, విద్యుత్తుతీగలు తగులుట చేతను, ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టు ఆ పక్షి దేశమంతటను అరుదై, నేడు రోళ్లపాడున కానరాకున్నది.

అయినను జంట లేనంత మాత్రమున మరల పెరుగుట అసాధ్యమని కాదు. ఉత్తర అమెరికాలో హూపింగ్ కొంగలు 1941 నాటికి ఇరువదియొక్కటికి దిగెను. మనుష్యులు పూని కాపాడిన పిమ్మట నేడు వందలలో నున్నవి. చంద్రుడు తనంత తాను నిండును. కొంగలను ఒకరు పెంపవలసి వచ్చెను.

కావున ఎఱ్ఱగీత గీసిన ఉపాధ్యాయుడు బాలునిచేత మూడు ప్రశ్నలు వేయింపవలెను. తరుగునది రాశియా? తరుగుటకు కాలము పట్టినదా? తనంత తాను తరిగినదా? మూటికిని ‘అవును’ అని వచ్చినచో ‘డ్విండిల్’ వ్రాయవచ్చును. ‘ఇంకను ఎంత మిగిలియున్నది?’ అను నాలుగవ ప్రశ్న బాలుడే వేసినచో, ఆ మాట అతనికి నిజముగా వచ్చినట్లే.