బుడ్డే కదా అని ఊరుకోవద్దు

కాలికి ముల్లు దిగితే నలుగురికీ చూపిస్తాం. పన్ను నొప్పెడితే వీధివీధంతా చెప్పుకుంటాం. పంచె చాటున వాపు వస్తే మాత్రం మగవాడు భార్యతో కూడా అనడు. బోదకాలు ఎరిగిన గోదావరి జిల్లాల్లో మరో చిక్కు కూడా ఉంది. వృషణాల దగ్గర ఏ వాపు వచ్చినా "బుడ్డ దిగిందిలే" అని సరిపెట్టుకుంటారు. పంచె కాస్త వదులుగా కట్టుకుని పొలం వెళ్లిపోతారు.

ఆ వాపుల్లో చాలావరకు ప్రాణం తీసేవి కావు. కాని వాటిలో గంటల్లో డాక్టరు చూడాల్సినదొకటి, రోజుల్లో చూడాల్సినదొకటి ఉన్నాయి. వాటిని కూడా బుడ్డ లెక్కలో వేస్తేనే ముప్పు.

అన్ని వాపులూ ఒకటి కావు

వరిబీజమంటే వృషణం చుట్టూ నీరు చేరడం. దోమకాటుతో వచ్చే ఫైలేరియా దీనికి ఒక కారణం. నీళ్ల తిత్తిలా ఉంటుంది, సాధారణంగా నొప్పి ఉండదు. ఆపరేషన్‌తో నయమవుతుంది. పేగు జారితే, అంటే హెర్నియా అయితే, దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు ఉబ్బుతుంది. పడుకుంటే చాలామందికి లోపలికి పోతుంది.

క్యాన్సర్ గడ్డ తీరు వేరు. అది వృషణంలోనే పుడుతుంది. మొదట్లో బఠాణీ గింజంత గట్టిగా చేతికి తగులుతుంది. చాలామందికి నొప్పే ఉండదు. అక్కడే మోసపోతారు. కొందరికి గడ్డ తెలియదు, ఒకవైపు బరువుగా లాగినట్టుంటుంది. ఇంకొందరికి గడ్డ చుట్టూ నీరు చేరి అచ్చం వరిబీజంలా కనిపిస్తుంది.

మన దేశంలో ఇది అరుదైన జబ్బు. భయపడి నిద్ర మానుకోనక్కర్లేదు. అయితే ఇది ఎక్కువగా వచ్చేది ముసలితనంలో కాదు, 15 నుంచి 40 ఏళ్ల లోపు, ఇంటి బరువు మోసే వయసులో. పుట్టినప్పుడు వృషణం సంచిలోకి దిగనివారికి ముప్పు ఎక్కువ. మగబిడ్డకు 6 నెలలు నిండినా రెండూ దిగకపోతే డాక్టరుకు చూపాలి. ఏడాది, ఏడాదిన్నర వయసులోపు ఆపరేషన్ చేయించడం మేలు.

స్నానం చేసేటప్పుడు రెండు నిమిషాలు

వేణ్నీళ్లు పోసుకున్నాక సంచి వదులవుతుంది. అప్పుడు నిలబడి ఒక్కో వృషణాన్ని రెండు చేతుల బొటనవేళ్లు పైన, మిగతా వేళ్లు కింద ఉంచి మెల్లగా దొర్లించి చూసుకోవాలి. నునుపుగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. వెనకవైపు తాడులా మెత్తగా తగిలేది బీజనాళం. అది గడ్డ కాదు. ఒకటి కాస్త పెద్దగా ఉండడం, ఒకటి కిందికి వేలాడడం కూడా సహజమే.

ప్రతి నెలా చూసుకుని తీరాలని వైద్యులందరూ అనడం లేదు. కాని తన ఒంటి తీరు తనకు తెలిసిన మనిషికి, కొత్తగా ఏదైనా వస్తే ఇట్టే తెలుస్తుంది.

ఎప్పుడు పరుగెత్తాలి

గట్టి గడ్డ తగిలినా, ఒకటి మునుపటికన్నా పెరిగినా వారం దాటకుండా సర్జన్‌ను కలవాలి. స్కానింగ్, రక్తపరీక్షలతో చాలావరకు సంగతి తేలుతుంది. ఊళ్లో ఎవరిచేతా సూదితో నీరు తీయించుకోవద్దు. లోపల క్యాన్సర్ ఉంటే సూదిపోటు వల్ల అది పాకే ప్రమాదముంది. అందుకే సర్జన్లు కూడా సంచిని కోయకుండా గజ్జ దగ్గర నుంచి ఆపరేషన్ చేస్తారు.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే వారం కాదు, గంట కూడా ఆగకూడదు. వృషణం మెలితిరిగి రక్తం ఆగిపోతుంది. 6 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే సాధారణంగా దక్కుతుంది. ఆలస్యమైతే తీసేయాల్సి వస్తుంది. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకు వస్తుంది. వాంతులూ అవుతాయి. పిల్లవాడు సిగ్గుపడి కడుపునొప్పి అంటాడు. వేడిచేసిందని మజ్జిగ పట్టించి పడుకోబెట్టకండి. తండ్రో, అన్నో పక్కకు పిలిచి "కింద నొప్పా?" అని అడగాలి. అవునంటే వెంటనే సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి.

ఒకటి తీసేస్తే మగతనం పోతుందా?

చాలామంది డాక్టరు దగ్గరకు పోకపోవడానికి ఈ భయమే కారణం. రెండోది బాగుంటే దాదాపు అందరికీ కాపురానికి, పిల్లలకు అదే సరిపోతుంది. మందులు ఎక్కించే ముందు వీర్యం భద్రపరిచే ఏర్పాటు గురించి డాక్టరును అడగవచ్చు.

ఇంకొక మంచి మాట. మొదట్లో పట్టుకుంటే వందలో 95 మందికి పైగా నయమయ్యే క్యాన్సర్ ఇది. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌ను మరో రెండు మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక, పాకిన జబ్బు కూడా చాలామందికి లొంగింది. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు వచ్చిందీ ఈ జాతి క్యాన్సరే. అయితే ఆయనకు ఛాతీలో వచ్చింది. 2012లో చికిత్స పూర్తిచేసుకుని అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ దేశం తరఫున ఆడాడు.

ఆసుపత్రిలో చీటీ రాసేచోట అందరిముందూ జబ్బు చెప్పనక్కర్లేదు. "సర్జన్‌ను చూడాలి" అంటే చాలు. గదిలోకి వెళ్లాక "నాకు కింద గడ్డ తగులుతోందండీ" అని ఒక్కమాట అనండి. ఇలాంటివి రోజూ చూసే డాక్టరుకు అది వింతేం కాదు. బుడ్డ అయితే బుడ్డేనని ఆయనే చెబుతాడు. కాకపోతే, సమయానికి వచ్చినట్టే.