ఊపిరితిత్తుల వ్యాధుల పరిశోధనలో స్వచ్ఛంద భాగస్వామ్యం - కొల్లాపూర్ ప్రాంతం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వైద్యపరిశోధనలో ప్రజల భాగస్వామ్యం ఎప్పుడు నిజంగా స్వచ్ఛందమవుతుందో దక్షిణభారత క్షయ పరిశోధనల అనుభవం ఆధారంగాను, వలసల ప్రాంతమైన కొల్లాపూర్ పరిస్థితుల దృష్ట్యాను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్షయ, స్వచ్ఛంద అంగీకారం, వలస, కొల్లాపూర్.

1. ఉపోద్ఘాతం

చికిత్స వేరు, పరిశోధన వేరు. చికిత్సలో ఎదుటనున్న రోగి మేలే వైద్యుని లక్ష్యం. పరిశోధనలో రాబోయే రోగులకు ఉపకరించే జ్ఞానం కూడా లక్ష్యమే. ఎవరికి ఏ మందు ఇవ్వాలనేది తరచుగా లాటరీ పద్ధతిలో నిర్ణయమవుతుంది. టీకా పరీక్షలలో కొందరికి పోలిక కోసం మందు లేని సూది వేయవచ్చు. ఈ తేడా తెలియనివారు ఇచ్చిన అంగీకారం కాగితం మీద మాత్రమే అంగీకారం.

2. క్షయ పరిశోధనల అనుభవం

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు 1950 నుంచి ఆ పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను క్షయవ్యాప్తిని, బి.సి.జి. టీకా ప్రభావాన్ని పరిశీలించారు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ 193 మంది పేదరోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఇంటివద్ద, మరొక వర్గానికి శానిటోరియంలో ఏడాదిపాటు మందులిచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇంటివద్ద 86 శాతం, శానిటోరియంలో 92 శాతం రోగులలో వ్యాధి అదుపులోకి వచ్చింది. ఇంటివద్ద చికిత్స పొందినవారి వల్ల కుటుంబసభ్యులకు అదనపు ప్రమాదం కలగలేదని తరువాతి పరిశీలనలు తెలిపాయి. క్షయరోగి ఇల్లు విడిచి నెలల తరబడి శానిటోరియంలో ఉండనవసరం లేదని ఆ రోగుల భాగస్వామ్యమే లోకానికి నిరూపించింది.

1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన బి.సి.జి. పరీక్షలో రెండున్నర లక్షలకు పైగా ప్రజలు పాల్గొన్నారు. పదిహేనేళ్ల పరిశీలన తరువాత, పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా నివారించలేదని తేలింది. ఆశించిన ఫలితం రాకపోయినా వారి సహకారం వృథా కాలేదు. నమ్మదగని రక్షణపై ఆధారపడకూడదని తెలియడమూ జ్ఞానమే.

3. పాల్గొనేవారి హక్కులు

మందుల పరీక్షలకు 2019 నాటి నూతన ఔషధ, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తిస్తాయి. పరీక్షకు నైతికసంఘం ఆమోదం తప్పనిసరి. వివరాలు పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువురానివారి విషయంలో నిష్పాక్షికమైన సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలి. ఏ దశలోనైనా తప్పుకోవచ్చు. తప్పుకున్నంత మాత్రాన మామూలు వైద్యం ఆగిపోకూడదు. పరీక్ష వల్ల హాని కలిగితే ఉచితవైద్యం, నష్టపరిహారం పొందే హక్కు ఉంది.

4. కొల్లాపూర్ పరిస్థితులు

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చిన కొల్లాపూర్ కృష్ణాతీరాన, నల్లమల అంచున ఉంది. పాలమూరు కూలీల వలస దేశమంతటా ప్రసిద్ధం. రాతిపనిలో లేచే సన్నని ధూళి సిలికోసిస్‌కు కారణమవుతుంది. ఆ జబ్బు ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. కనుక పరిశోధన ఫలితాలు ఎక్కువగా అవసరమైనవారిలో ఇటువంటి కూలీలు ముఖ్యులు. అయితే నెలల తరబడి సాగే పరిశీలనకు పనికోసం ఊరు విడిచేవారు అందుబాటులో ఉండరు. వారిని వదిలివేస్తే, ఊళ్లో నిలిచినవారికి సరిపోయే ఫలితాలే మిగులుతాయి.

మరొక చిక్కు ఉంది. మందులిచ్చే డాక్టరుగారే అడిగితే కాదనడం పేదరోగికి కష్టం. ఒక రోజు కూలి పోతుందన్న భయం ఒకవైపు, ఉచితవైద్యం దొరుకుతుందన్న ఆశ మరొకవైపు అతని నిర్ణయాన్ని నడిపిస్తాయి. ప్రయాణఖర్చు, పోయిన కూలి చెల్లించడం న్యాయమే. ఆ మొత్తం ప్రమాదాన్ని మరిపించేంత ఎక్కువైతే అది ప్రలోభమవుతుంది. నల్లమల చెంచుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సముదాయపు పెద్దలతో మాట్లాడటం మర్యాదే కాని, పెద్ద మాట వ్యక్తి అంగీకారానికి బదులు కాజాలదు.

5. ముగింపు

"ఇందులో నాకు ఏమిస్తారు? ఏమి ప్రమాదం? వద్దంటే ఏమవుతుంది?" అనే మూడు ప్రశ్నలను రోగి నిర్భయంగా అడగగలగాలి, వాటికి తన భాషలో సమాధానం పొందగలగాలి. కాదనే స్వేచ్ఛ ఉన్నచోటనే ఔననడం దానమవుతుంది. పరిశోధన ముగిసిన తరువాత దాని ఫలితాన్ని ఆ ఊరికి తిరిగి తెలపడం ఆ దానానికి చెల్లించవలసిన కనీస ఋణం.