వద్దన్న మనిషి పేరే పెట్టుకున్న బజారు

జ్యోతిరావు ఫూలే గారిని మన హాస్టల్ మిత్రులకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 11న మనం పూలమాల వేసే పటంలోని తలపాగా పెద్దాయనే ఆయన. పూణే నగరం నడిబొడ్డున ఒక పెద్ద కూరగాయల మార్కెట్టుకు కూడా ఆయన పేరే ఉంది. దాన్ని మహాత్మా ఫూలే మండై అంటారు. మరాఠీలో మండై అంటే కూరగాయల బజారు.

పూర్వం పూణేలో కూరగాయలు శనివార్‌వాడా కోట ముందు ఆరుబయటే అమ్మేవారు. ఆ బజారు కోసం మున్సిపాలిటీ కట్టించిన ఈ భవనం 1886లో ప్రారంభమైంది. ప్లాను గీసింది వాల్టర్ డ్యుకాట్ అనే సైనిక ఇంజనీరు, కట్టింది వాసుదేవ్ బాపూజీ కానిట్కర్ అనే కాంట్రాక్టరు. అప్పటి బొంబాయి గవర్నరు పేరు మీద రే మార్కెట్ అన్నారు.

దూరం నుంచి చూస్తే ఇది చర్చి అనుకుంటాం. నడుమ ఎనిమిది మూలల కట్టడం, దాని నెత్తిన కోసుగా లేచిన శిఖరం, అక్కడి నుంచి బండిచక్రం ఆకుల్లా సాగిన పొడవాటి సాలలు. వంకాయలకు ఇంత గోపురమా అని నవ్వు రావచ్చు! విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లీషు ఇంజనీర్లు రైల్వే స్టేషనైనా, కోర్టైనా, బజారైనా ఈ గోథిక్ అచ్చులోనే పోసేవారు. అందంతో పాటు ఇందులో ఉపయోగమూ ఉంది. గుండ్రటి కమాను బరువును ఎక్కువగా పక్కలకు నెడుతుంది. కోసు కమాను ఎక్కువ భాగం కిందికే దించుతుంది. కాబట్టి దాన్ని ఎత్తుగా లేపవచ్చు, గాలి బాగా ఆడుతుంది. వేడిగాలి పైకి పోతుంది, ఆకుకూర తొందరగా వాడదు. వాలు పెంకుల మీద వాన నిలవదు. అమ్మేవాళ్లు ఎత్తు అరుగుల మీద కూర్చుంటారు. సరుకు కొనేవాళ్ల చేతికందేంత ఎత్తులో ఉంటుంది.

ఇక అసలు సంగతి. 1876లో ఫూలే పూణే మున్సిపాలిటీ సభ్యులయ్యారు. ఈ మార్కెట్టుకు సుమారు 3 లక్షల రూపాయలు ఖర్చు పెడదామంటే ఆయన వ్యతిరేకించారు. ఆ డబ్బు ముందు పేదల చదువుకు పెట్టమన్నారు. బజారంటే ఆయనకు గిట్టక కాదు. ఆయన ఇంటివారిది పూలూ కూరగాయల వ్యాపారమే. కట్టుబడి తెలియకా కాదు. 1870లలో పూణే దగ్గర ఆనకట్టకు సామగ్రి సరఫరా చేసిన కాంట్రాక్టరు ఆయన. రాయి ఖరీదెంతో, మోసేదెవరో ఆయనకు బాగా తెలుసు. 1882లో హంటర్ కమిషన్ ముందు కూడా ఇదే లెక్క చెప్పారు: పన్ను రైతు చెమట నుంచి వస్తోంది, చదువు పైవర్గాలకు పోతోంది అని. మెస్ ఛార్జీల కోసం రోడ్డెక్కిన మనకు ఈ లెక్క వేరే విప్పి చెప్పాలా?

అయితే ఇది రాసేటప్పుడు మాలోనే వాదన వచ్చింది. అమ్ముకునేవాళ్లూ పేదలే కదా, వాళ్లకు నీడ వద్దా అని. నీడ కావలసిందే. కానీ నీడకు శిఖరం అక్కర్లేదని మాలో ఎక్కువ మంది అభిప్రాయం.

మున్సిపాలిటీలో ఫూలే మాట నెగ్గలేదు. 1890లో ఆయన కన్నుమూశారు. స్వాతంత్ర్యానికి ముందే, ఆచార్య అత్రే చొరవతో రే మార్కెట్ పేరు పోయి ఫూలే పేరు వచ్చింది.

అక్కడికి కాస్త నడిస్తే భిడేవాడా వస్తుంది. 1848లో జ్యోతిరావు, సావిత్రీబాయి ఆడపిల్లలకు బడి పెట్టిన చోటు అది. ఆ ఇల్లు ఏళ్ల తరబడి శిథిలమై, స్మారకం కట్టడానికని 2023 డిసెంబరులో కూల్చివేశారు. పూణేలో ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు ఈ రెండూ చూసి, గంజ్‌పేటలోని ఫూలే ఇంటికీ వెళ్లిరావచ్చు. 1868లో అంటరానివారి కోసం ఆయన తన నీళ్ల తొట్టి తెరిచింది ఆ ఇంట్లోనే.