ఇ మైనర్ ప్రిల్యూడ్ (షోపెన్)

ఇ మైనర్ ప్రిల్యూడ్, పోలెండ్ దేశంలో జన్మించి పారిస్‌లో స్థిరపడిన స్వరకర్త ఫ్రెడెరిక్ షోపెన్ (1810 - 1849) పియానో కొరకు రచించిన లఘు కృతి. 24 ప్రిల్యూడ్‌ల సంపుటి (ఓపస్ 28)లో ఇది నాలుగవది. వాయించడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది.

నేపథ్యం

ప్రిల్యూడ్ అనగా ప్రస్తావన. పూర్వం మరొక కృతికి ముందు వాయించేవారు. షోపెన్ దీనిని స్వతంత్ర రచనగా మలిచాడు. 1838-39 శీతాకాలంలో స్పెయిన్‌కు చెందిన మజోర్కా ద్వీపంలో, వాల్డెమోసా మఠంలో, ఫ్రెంచి రచయిత్రి జార్జ్ సాండ్‌తో కలిసి నివసించినపుడు, అనారోగ్యంతో బాధపడుతూనే ఈ సంపుటిని పూర్తి చేశాడు. ఇది 1839లో ప్రచురితమైంది.

నిర్మాణం

పాశ్చాత్య సంగీతంలో తాళావర్తనం వంటి కొలతను బార్ అంటారు. ఈ కృతిలో 25 బార్‌లున్నాయి. మొదటి భాగం 12 బార్‌లు, రెండవది 13. రెండు భాగాలూ ఒకే రాగవరుసతో మొదలవుతాయి.

కుడిచేతి రాగంలో చలనం స్వల్పం. 'బి' అనే దీర్ఘస్వరం, దాని పక్క మెట్టుపై ఉన్న 'సి' అనే హ్రస్వస్వరం పదేపదే వినిపిస్తాయి. ఎడమచేయి ఒక్కో బార్‌లో ఎనిమిదిసార్లు కార్డ్‌ను, అనగా ఒకేసారి పలికే స్వరాల సమూహాన్ని, మెల్లగా వాయిస్తుంది. ఆ కార్డ్‌లోని స్వరాలు అన్నీ కలిసి మారవు. ఒక్కొక్కటిగా కిందికి జారుతాయి. అందువలన పైన స్వరం అదే అయినా, కింద ఆధారం మారిన కొద్దీ దాని భావం మారుతుంది. ఈ కృతిలోని విషాదానికి మూలం ఇదే.

16, 17 బార్‌లలో రాగం ఒక్కసారిగా ఉద్ధృతమై, వెంటనే నీరసిస్తుంది. 23వ బార్‌లో అసంపూర్ణంగా తోచే కార్డ్, దాని తరువాత దీర్ఘ నిశ్శబ్దం ఉన్నాయి. అటుపిమ్మట అతి మెల్లని మూడు కార్డ్‌లతో రచన ముగుస్తుంది. ఆధారస్వరమైన 'ఇ' అడుగున నిలిచిన పూర్తి ఇ మైనర్ కార్డ్ చివరి బార్‌లోనే వినిపిస్తుంది. ప్రారంభంలో అదే కార్డ్ ఉన్నా, దాని అడుగున 'జి' ఉంటుంది. శ్రోత ఎదురుచూసే విశ్రాంతి చివరిక్షణం వరకు లభించదు.

వాదనం

వేళ్ళకు కష్టమైన పనులు లేనందున విద్యార్థులు దీనిని తొలిదశలోనే నేర్చుకుంటారు. అయితే ఎడమచేయి రాగాన్ని మించకుండా, జారే ప్రతి స్వరమూ వినిపించేలా వాయించడం అనుభవజ్ఞులకూ పరీక్షే.

అంత్యక్రియలలో

షోపెన్ 1849 అక్టోబరు 17న పారిస్‌లో మరణించాడు. అక్టోబరు 30న మడెలీన్ చర్చిలో జరిగిన అంత్యక్రియలలో ఈ ప్రిల్యూడ్‌ను, ఇదే సంపుటిలోని ఆరవదానిని ఆర్గన్‌పై వాయించారు.